అప్‌డేట్: తిరుపతి కొత్తింటికి గ్యాస్ రేంజ్ తీసేసుకున్నాం

పోయిన నెల అడిగినా కదా, కరకంబాడి రోడ్డు ఇంటికి వంటగట్టు గ్రానైట్ కోసి అందులో దించి పెట్టే హాబ్ స్టవ్వు తీసుకోవాల్నా, కింద ఓవెన్ ఉండే అయిదు బర్నర్ల 90 సెంటీమీటర్ల రేంజ్ తీసుకోవాల్నా అని. రేంజే తీసుకున్నాం. హాబ్ వద్దనింది మా అమ్మ. షోరూమ్‌కి సంగటి గిన్నె, కట్టె రెండూ సంచిలో వేసుకోని వచ్చి, ఆ హాబ్ మీద పెట్టి ఉత్తదే గెలికింది, గిన్నె అట్నే పక్కకి జరిగిపోయింది, "దీని మీద గెలికితే సంగటి నా కాళ్ల మీద పడతాది నాయనా" అనింది. సేల్స్ అబ్బాయికి నోట మాట లేదు. రేంజ్ మీద కాస్ట్ ఐరన్ స్టాండు మాత్రం కదల్లేదు.

బిగించినాక ఇంకో కథ. మంట పసుపుపచ్చగా ఇంతెత్తున లేస్తా ఉంది, పాలగిన్నె అడుగంతా మసి. చూస్తే జెట్లు, అంటే బర్నర్‌లోకి గ్యాస్ వదిలే చిన్న రంధ్రం ముక్కలు, పైప్ గ్యాస్‌వి, మన సిలిండర్‌కి ఇంకా సన్న రంధ్రం ఉండే జెట్లు కావాల, అవి డబ్బాలోనే చిన్న కవర్లో ఉన్నాయి, బిగించినాయన తెరిచి చూస్తే కదా! మార్చినాక నీలం మంట. ఫారిన్ మోడల్ తీసుకునేవాళ్లు గృహప్రవేశానికి పాలు పొంగించక ముందే ఇది అడగండి.

మంట ఆరితే గ్యాస్ తనే ఆగిపోయే సేఫ్టీ వాల్వ్ ఉండేదే తీసుకోమని మీలో ఒకరు చెప్పినారు, మొన్న కిటికీ గాలికి ఆరింది, కాసేపటికి టక్‌మని ఆగింది. కాకపోతే వెలిగించినాక నాబ్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాల, అమ్మకి అదే చిరాకు. ఓవెన్ ఇంకా ముట్టలేదు, ప్రస్తుతానికి దాంట్లో పెనాలు పెట్టుకున్నాం.