స్కీన్స్‌ని అమ్మాలా, ఉంచుకోవాలా? పైరేట్స్ వచ్చే సీజన్ జీతాల లెక్క ఎట్లుంటే బాగుంటుంది

పెన్నా_అబ్బి (కడప):

క్రికెట్ మాటల మధ్యలో బేస్‌బాల్ తెచ్చినందుకు ఏమనుకోవద్దండి, ఇక్కడ చూసేవాళ్ళు కొంతమందైనా ఉన్నారని తెలిసి అడుగుతున్నా. మా అక్కవాళ్ళు పిట్స్‌బర్గ్‌లో ఉంటారు, వాళ్ళ వల్ల నాకు ఆ ఊరి బేస్‌బాల్ టీమ్ పైరేట్స్ మ్యాచ్‌లు అలవాటైనాయి. అక్కడ సాయంత్రం 6:40కి మొదలైతే మనకి తెల్లారుజామున 4:10, డ్యూటీకి పోయే లోపల మ్యాచ్ అయిపోతుంది కాబట్టి నాకు బాగా కుదిరింది.

విషయానికొస్తే మొన్న 2025 నవంబర్‌లో పైరేట్స్ పిచ్చర్ (బాల్ విసిరేవాడు) పాల్ స్కీన్స్‌కి నేషనల్ లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు వచ్చింది, ఓటేసిన 30 మందీ ఆయనకే మొదటి స్థానం ఇచ్చినారు. ఈఆర్‌ఏ 1.97, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి రెండు పరుగులు కూడా ఇవ్వలేదు, 216 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని ఔట్ చేయడం). అయినా ఆయన గెలుపు ఓటముల లెక్క చూస్తే 10–10. ఎందుకంటే బ్యాటింగ్ లేదు, లీగ్ మొత్తంలో అందరికంటే తక్కువ పరుగులు చేసింది మనోళ్ళే, టీమ్ 71 గెలిచి 91 ఓడింది. 2015 తర్వాత ప్లేఆఫ్స్ మొహమే చూడలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది డబ్బు సంగతి. స్కీన్స్ 2025 జీతం 8,75,000 డాలర్లు, మన లెక్కలో ఏడున్నర కోట్ల పైన. ఐపీఎల్‌లో పంత్‌కి రెండు నెలలకి 27 కోట్లు! ప్రపంచంలో ఉన్న ఇద్దరు ముగ్గురు మంచి పిచ్చర్లలో ఒకాయన ఇంత తక్కువకి ఆడుతున్నప్పుడు ఆ మిగులు డబ్బుతో బ్యాటర్లని కొనాలి కదా? లేకుంటే ఇప్పుడే స్కీన్స్‌ని వేరే టీమ్‌కి ట్రేడ్ చేసి నలుగురు కుర్ర బ్యాటర్లని తెచ్చుకోవాలా? వచ్చే సీజన్‌కి, అంటే 2026కి, మీరైతే ఏం చేస్తారో చెప్పండి. జీతాల రూల్స్ కూడా కొంచెం వివరంగా చెప్తే బాగుంటుంది, నాకు సగమే అర్థమైనాయి.

---

ప్రొద్దుటూరోడు_పిట్స్‌బర్గ్:

తమ్ముడూ నేను ఇక్కడే ఉంటా, పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి పోయినప్పుడు కూడా మనోళ్ళలో ఇప్పుడిప్పుడే ఈ మాట నడుస్తోంది, పిల్లలు ఇక్కడ పుట్టి పెరిగినోళ్ళు కాబట్టి వాళ్ళకి పైరేట్సే సొంత టీమ్.

ముందు రూల్స్ చెప్తా. ఐపీఎల్‌లో అందరికీ ఒకటే పర్స్, 2025 వేలానికి 120 కోట్లు, అంతకు మించి ఎవరూ పెట్టలేరు. ఇక్కడ అట్ల కాదు, పైన హద్దు లేదు, కింద హద్దూ లేదు. పైన ఉండేది పన్ను మాత్రమే. 2025కి ఆ గీత 241 మిలియన్ డాలర్లు, మన లెక్కలో రెండు వేల కోట్ల పైనే, 2026కి 244. అది దాటితే దాటినంత మీద మొదటిసారి 20 శాతం, వరసగా రెండో ఏడు 30, మూడో ఏడు నుంచి 50, ఇంకా బాగా ఎక్కువ దాటితే దాని మీద అదనపు వడ్డింపు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వాళ్ళు 2024లో ఒక్క పన్నే 103 మిలియన్లు కట్టినారు. పైరేట్స్ 2025లో మొత్తం జీతాలే 100 మిలియన్ల లోపు! అంటే అక్కడ కట్టే పన్నుకంటే ఇక్కడ టీమ్ మొత్తం తక్కువ.

ఇంక ఆటగాడి లెక్క. మూడేళ్ళ సర్వీసు (అమెరికా పెద్ద లీగ్ అయిన మేజర్ లీగ్‌లో ఆడిన కాలం) నిండేదాకా టీమ్ ఎంతిస్తే అంత, కనీస జీతం 2025లో 7,60,000, 2026లో 7,80,000 డాలర్లు. ఆ తర్వాత మూడేళ్ళు ఆర్బిట్రేషన్, అంటే టీమ్ ఒక అంకె, ఆటగాడు ఒక అంకె చెప్తారు, మాట కుదరకపోతే ముగ్గురు మధ్యవర్తులు కూర్చుని ఆ రెండింటిలో ఒకటే ఎంచుకుంటారు, మధ్యలో బేరం లేదు. ఆరేళ్ళు నిండితే ఆటగాడు ఎక్కడికైనా పోవచ్చు. స్కీన్స్ 2024 మే నెలలో దిగినా ఆ ఏడు కొత్త ఆటగాళ్ళకిచ్చే రూకీ అవార్డు గెలిచినందుకు రూల్ ప్రకారం పూర్తి ఏడాది సర్వీసు ఇచ్చేశారు. కాబట్టి 2026 ఇదే చవక జీతం, 2027 నుంచి ఆర్బిట్రేషన్, 2029 అయినాక స్వేచ్ఛ. ఇంకోటి, కుర్ర ఆటగాళ్ళ కోసం 30 టీములూ సమానంగా వేసే 50 మిలియన్ల బోనస్ నిధి ఉంది, దాంట్లోనుంచి స్కీన్స్‌కి ఈ ఏడు మూడు మిలియన్ల పైన వచ్చింది, కాబట్టి ఆయన మరీ 8,75,000తోనే సరిపెట్టుకోలేదు, కాకపోతే పైరేట్స్ జేబులోనుంచి పోయింది కొంచెమే.

అందుకే నా మాట ఏందంటే 2026 అనేది పోతే మళ్ళీ రాని ఏడు. ఇంత మంచి పిచ్చర్ ఇంత చవకగా దొరికే చివరి సీజన్ ఇదే. ఇప్పుడు పెట్టకపోతే ఎప్పుడు పెడతారు? ఒక 25, 30 మిలియన్లు బ్యాటింగ్ మీద పెట్టినా పన్ను గీతకి వంద మైళ్ళ దూరంలో ఉంటారు. 2025 దాకా క్లబ్ చరిత్రలో అందరికంటే పెద్ద కాంట్రాక్ట్ బ్యాటర్ బ్రయన్ రేనాల్డ్స్‌ది, 8 ఏళ్ళకి 106.75 మిలియన్లు, అది పెద్దదని చెప్పుకోవాల్సిన పరిస్థితి చూడు.

ట్రేడ్ మాత్రం వద్దు. గెరిట్ కోల్ అనే పిచ్చర్‌ని 2011 డ్రాఫ్ట్‌లో (టీములు వంతులవారీగా కొత్త కుర్రోళ్ళని ఎంచుకునేది) మొట్టమొదట తీసుకుంది వీళ్ళే, 2018 జనవరిలో హ్యూస్టన్‌కి ఇచ్చేసి నలుగురిని తెచ్చుకున్నారు. కోల్ అక్కడ 2019లో 20–5, 326 స్ట్రైకౌట్లు, ఆ తర్వాత న్యూయార్క్ యాంకీస్‌తో 324 మిలియన్ల కాంట్రాక్ట్. ఆ నలుగురిలో నిలబడింది మస్గ్రోవ్ ఒక్కడే, ఆయన్ని కూడా తర్వాత శాన్ డియెగోకి ఇచ్చేశారు. స్కీన్స్ కూడా 2023లో మొదటి పిక్కే. అదే కథ రెండోసారి జరిగితే ఈ ఊరోళ్ళు తట్టుకోలేరు.

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

అన్నా నీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. కోల్‌ని ఇచ్చినప్పుడు ఆయనకి మిగిలింది రెండేళ్ళే, అందుకే తక్కువ వచ్చింది. స్కీన్స్‌కి ఇప్పుడు నాలుగేళ్ళు మిగిలుంది, సై యంగ్ చేతిలో ఉంది, 23 ఏళ్ళ వయసు, ఇంతకన్నా ఎక్కువ ధర ఎప్పటికీ రాదు. కొనేవాడికి ఒక్క ఏడాదే మిగిలినప్పుడు అమ్మితే ఏమొస్తుంది చెప్పు. ఒక పిచ్చర్ ఐదు రోజులకి ఒకసారి ఆడతాడు, 162 మ్యాచ్‌ల్లో 32 ఆడతాడు, బ్యాటర్ రోజూ ఆడతాడు. పరుగులే చేయలేని టీమ్‌కి ఏది ముఖ్యం?

ఇంకో భయం మోచేయి. గంటకి 98 మైళ్ళ దరిదాపు వేగంతో విసిరేవాడికి లోపలి లిగమెంట్ ఎప్పుడు తెగుతుందో ఎవరూ చెప్పలేరు, దాన్ని బాగుచేసే టామీ జాన్ సర్జరీ అంటే ఏడాది నుంచి ఏడాదిన్నర పోయినట్టే. ఆ టీమ్‌లోనే జారెడ్ జోన్స్ చూడండి, 2024లో స్కీన్స్‌తో పాటు వచ్చిన కుర్రోడు, ఈ మే నెలలో మోచేయి ఆపరేషన్, సీజన్ మొత్తం పోయింది. ఆస్తి అంతా ఒక్క మోచేతి మీద పెట్టుకుని నాలుగేళ్ళు కూర్చోవడం చిన్న టీమ్‌కి మంచిది కాదు.

---

అనంత_పీఈటీ:

నేను అనంతపురం దగ్గర స్కూల్లో పీఈటీని, పిల్లలకి సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ రెండూ నేర్పిస్తా. హంద్రీ గారు మోచేయి మాట ఎత్తినారు కాబట్టి దాని గురించే చెప్తా, ఏంటికంటే డబ్బు లెక్క కన్నా నాకు ఇదే శానా ముఖ్యం అనిపిస్తాది.

స్కీన్స్ 2024లో మేజర్ లీగ్‌లో 133 ఇన్నింగ్స్, 2025లో 187కి పైన వేసినాడు. కింది లీగులు, అదే మైనర్స్‌లో వేసినవి కలుపుకున్నా ఒక్కసారిగా పెద్ద పెరుగుదలే అది. గెరిట్ కోల్ అంత గట్టి శరీరం ఉన్నాయప్ప కూడా 2025 మార్చిలో టామీ జాన్ చేయించుకున్నాడు. కాబట్టి వచ్చే సీజన్ నేనైతే స్కీన్స్‌ని 200 దాటించను. జపాన్‌లో స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్) వారానికి ఒకసారే వేస్తాడు, వంతులవారీగా వేసే రొటేషన్‌లో ఆరుగురు ఉంటారు. అమెరికాలో ఐదుగురే మామూలు, ఎందుకంటే 26 మంది జట్టులో పిచ్చర్లు 13 మందికి మించకూడదని రూల్, ఆరో స్టార్టర్‌ని పెడితే బుల్‌పెన్‌లో (స్టార్టర్ తర్వాత వచ్చే పిచ్చర్లలో) ఒకడు తగ్గుతాడు. అయినా సెలవు రోజులు చూసుకుని స్కీన్స్‌కి ఒక రోజు ఎక్కువ విశ్రాంతి ఇవ్వొచ్చు, నెలకి ఒకసారి ఆరోవాణ్ణి మైనర్స్ నుంచి పైకి పిలిస్తే చాలు.

ఆ ఆరోవాడు కూడా వీళ్ళకి ఉండాడు. బబ్బా చాండ్లర్ ఆగస్టులో వచ్చినాడు, 100 మైళ్ళు అవలీలగా విసురుతాడు, అతను కూడా కనీస జీతమే. జోన్స్ 2026 మధ్యలో తిరిగి రావచ్చు. అంటే ముగ్గురు కుర్రోళ్ళు కలిపి మూడు మిలియన్లు కూడా కారు! ఇంత మంది చవక పిచ్చర్లు ఉన్న టీమ్ స్కీన్స్‌ని ఏంటికి అమ్మాలి, అమ్మాల్సింది మధ్యలో ఉన్నోళ్ళని.

మా పిల్లల సంగతి చెప్తా, 13, 14 ఏళ్ళ వాళ్ళకి రోజుకి 95 బంతులకి మించొద్దని, 66 దాటితే నాలుగు రోజులు విసరకూడదని అమెరికాలో పెట్టిన లెక్క నేను కూడా పాటిస్తా. టోర్నమెంట్ సెమీఫైనల్ రోజు తల్లిదండ్రులే వచ్చి సార్ ఈ ఒక్క మ్యాచ్‌కి వేయించండి అంటారు, నేను ఒప్పుకోను. ఆ వయసులో చేయి పోతే మళ్ళీ ఎవరు తెచ్చిస్తారు. పెద్ద టీముల్లో కూడా అదే, మేనేజర్ మీద ఒత్తిడి ఎక్కువ, టీమ్ సెప్టెంబర్‌లో రేసులో ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే ఇన్నింగ్స్ లెక్క మార్చిలోనే రాసి పెట్టుకోవాలి, సెప్టెంబర్‌లో రాసుకుంటే ఆశ రాయిస్తాది.

---

పెన్నా_అబ్బి (కడప):

పీఈటీ సార్ శానా బాగా చెప్పినారు. మధ్యలో ఉన్నోళ్ళు అంటే పిచ్చర్ మిచ్ కెల్లరా? 2024లో ఐదేళ్ళకి 77 మిలియన్లు ఇచ్చినారు కదా. ఈ ఏడు 6–15, అట్లాంటోణ్ణి ఎవరు తీసుకుంటారు సార్?

---

తాడిపత్రి_అక్క:

కెల్లర్ 6–15 చూసి మోసపోవద్దు తమ్ముడూ. స్కీన్స్‌కే 10–10 వచ్చిన టీమ్‌లో ఆ అంకెకి విలువేముంది? కెల్లర్ మూడేళ్ళుగా ఏటా 170 ఇన్నింగ్స్ పైన వేస్తున్నాడు, గాయం లేకుండా, అట్లాంటోళ్ళు ఇప్పుడు దొరకరు. ఏడాదికి సగటున 15.4 మిలియన్లు, బయట మార్కెట్లో ఆ ధరకి అంత ఖాయంగా ఆడేవాడు రావడం కష్టం, కాబట్టి కొనేవాళ్ళు ఉంటారు. కానీ నేనైతే అతన్ని కూడా ఇవ్వను! కుర్రోళ్ళు ముగ్గురిలో ఒకడికైనా ఏదో ఒకటి అవుతుంది, అప్పుడు 170 ఇన్నింగ్స్ ఎవరు వేయాలి? అమ్మితే కుర్రోళ్ళలోనే ఒకణ్ణి, ఇంకా పేరు రాని వాణ్ణి, లేదా మైనర్స్‌లో ఉన్న వాళ్ళని ఇచ్చి ఒక మంచి బ్యాటర్‌ని తేవాలి. అది కూడా జాగ్రత్తగా చేయాలి, 2018 జూలైలో పిచ్చర్ క్రిస్ ఆర్చర్ కోసం గ్లాస్‌నౌ, మెడోస్, బాజ్ ముగ్గురిని టాంపాకి ఇచ్చిన టీమ్ ఇదే. ఆ గ్లాస్‌నౌ ఇప్పుడు డాడ్జర్స్‌లో ఉన్నాడు.

అసలు మాట ఎవరూ అనట్లేదు. డబ్బు లేక కాదు, పెట్టక. ప్రతి టీమ్ తన సొంత ఆదాయంలో 48 శాతం ఉమ్మడి నిధికి వేస్తుంది, అది 30 టీములకీ సమానంగా పంచుతారు, అంటే న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ డబ్బు కొంత పిట్స్‌బర్గ్‌కి వస్తుంది. ఆ డబ్బు ఆట మీద పెట్టడం లేదని ఆటగాళ్ళ సంఘం 2018లో నాలుగు టీముల మీద ఫిర్యాదు చేసింది, వాటిలో పైరేట్స్ ఒకటి. ఇంత చదివినాక నాకు జాలి తగ్గింది. చిన్న ఊరు అనే మాట నిజమే, లోకల్ టీవీ డబ్బు తక్కువ, అదీ నిజమే. కానీ స్కీన్స్ వేసే రోజు స్టేడియం నిండుతుంది, ఆ టికెట్ల డబ్బు ఎవరి వల్ల వచ్చింది?

ఇంకోటి గుర్తుపెట్టుకోండి, యజమానులకీ ఆటగాళ్ళకీ మధ్య ఉన్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో అయిపోతుంది. ఆ తర్వాత ఏ రూల్స్ వస్తాయో, పైన హద్దు పెడతారో, ఆర్బిట్రేషన్ మారుస్తారో ఎవరికీ తెలియదు. తెలిసిన రూల్స్‌తో ఆడే చివరి సీజన్ ఇదే కాబట్టి నేను ప్రొద్దుటూరు అన్న పక్షమే.

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

అక్క చెప్పిన ఒప్పందం మాట నేను ఆలోచించలేదు, అది గట్టి పాయింటే. అయినా ఒక్కటి అడుగుతా, స్కీన్స్‌ని ఉంచుకునేటట్టయితే ఇప్పుడే పెద్ద కాంట్రాక్ట్ ఎందుకు ఇవ్వకూడదు? ఆర్బిట్రేషన్ మూడేళ్ళూ కలిపి ఒక అంకె, దాని మీద ఇంకో రెండేళ్ళు.

---

ప్రొద్దుటూరోడు_పిట్స్‌బర్గ్:

ఇవ్వాలనే నేనూ కోరుకుంటా, కానీ ఆయన ఎందుకు ఒప్పుకోవాలి? డ్రాఫ్ట్ అప్పుడే 9.2 మిలియన్ల బోనస్ తీసుకున్నాడు, పైన ఆ బోనస్ నిధి డబ్బు, అవసరం ఉన్న మనిషి కాదు. 2015లో సై యంగ్ గెలిచిన పిచ్చర్ డల్లాస్ కైకల్ 2016లో మొదటిసారి ఆర్బిట్రేషన్‌కి పోతే 7.25 మిలియన్లు వచ్చింది, స్కీన్స్ దాన్ని 2027లో సులభంగా దాటేస్తాడు. 2029 తర్వాత బయటికి పోతే డాడ్జర్స్ పిచ్చర్ యమమోటో తీసుకున్న 325 మిలియన్లు కూడా చిన్నగా కనిపించొచ్చు. తక్కువ ధరకి సంతకం చేయించుకోవాలంటే టీమ్ గెలుస్తుందని ముందు నమ్మకం కలిగించాలి, దానికి మళ్ళీ బ్యాటర్లే కావాలి.

---

అనంత_పీఈటీ:

అక్క కెల్లర్ గురించి చెప్పినదానికి నేను సరే అంటాను, అంత ఖాయంగా వేసేవాణ్ణి ఇవ్వడం మంచిది కాదు. ఇంకొకటి, క్లోజర్, అంటే చివరి ఇన్నింగ్స్ వేసే పిచ్చర్ సంగతి. డేవిడ్ బెడ్నార్‌ని జూలై చివర్లో యాంకీస్‌కి ఇచ్చేసినారు కదా, ఆ ఖాళీకి పెద్ద పేరుని కొనడానికి పది మిలియన్లు పెడితే నాకు కోపమొస్తాది. చివరి ఇన్నింగ్స్‌కి లోపల ఉన్నోళ్ళలోనే ఒకడు దొరుకుతాడు, కుర్ర స్టార్టర్లలో ఐదో ఇన్నింగ్స్‌కి అలిసిపోయేవాణ్ణి అక్కడికి మార్చినా సరిపోతాది. ఆ పది కూడా ఫస్ట్ బేస్‌లో ఆడే ఎడమచేతి బ్యాటర్ మీద పెట్టాలి, వాళ్ళ స్టేడియంలో కుడివైపు గోడ దగ్గర, ఎడమచేతి వాళ్ళకి బాల్ నదివైపు పోతాది. అబ్బీ, డిసెంబర్‌లో ట్రేడ్లు మొదలైతే ఇక్కడే రాయి, చూస్తాంటా.