60 ఫ్లాట్ల నుంచి 150కి వెళ్లాలంటే ముందు ఏం సర్దుకోవాలి?

తాళాలగుత్తి:
కొండాపూర్, మణికొండ, మియాపూర్‌లలో 60 ఫ్లాట్లు చూస్తున్న చిన్న ఆఫీసు. ఓనర్లలో ఎక్కువమంది అమెరికాలో ఉన్నారు. సగటు కిరాయి 30 వేలు, నెలనెలా అందులో 5 శాతం ఫీజు, కొత్త టెనెంట్‌ను పెడితే సగం నెల కిరాయి. ఫీల్డులో ఇద్దరు, ఆఫీసులో ఒకరు. ఏడాదిలో 150 దాటాలని ఆలోచన. ముందు మనుషుల్ని పెంచాలా, ఫ్లాట్లనా? ఉప్పల్ నుంచి కూడా అడుగుతున్నారు, ఒప్పుకోవచ్చా?

గేటుపాస్:
ఫ్లాట్లు కాదండీ, ఏడాదికి ఎన్ని ఖాళీ అవుతాయో లెక్కపెట్టండి. మనుషులున్న ఫ్లాటుకు ఏడాదిలో మూడు నాలుగు సార్లు వెళ్తే చాలు. ఖాళీ అయ్యేదానికి టెనెంట్‌తో కలిసి చూసుకోవడం ఒకసారి, పెయింటర్‌తో ఒకసారి, పని ఎలా జరుగుతోందో చూడ్డానికి రెండుసార్లు, డీప్ క్లీనింగ్ అయ్యాక ఒకసారి, ఇల్లు చూపించడానికి ఐదారుసార్లు, తాళాలిచ్చేటప్పుడు ఒకసారి. అంటే పన్నెండు. 60లో మూడోవంతు ఖాళీ అయితే ఆ 20 ఫ్లాట్లే మీ తిరుగుళ్లలో సగమైనా తింటాయి.

ఇప్పుడు ఉప్పల్ సంగతి. కొండాపూర్ నుంచి పాతిక కిలోమీటర్ల పైనే. రానూపోనూ పన్నెండుసార్లంటే 600 కిలోమీటర్లు, ఒక్క ఫ్లాటు కోసం. వద్దు. అదే గేటెడ్ కమ్యూనిటీలో రెండోది, మూడోది దొరికితే ఫీజు కాస్త తగ్గించైనా తీసుకోండి. ఒక్క ట్రిప్పులో నాలుగు తాళాలు తీయొచ్చు, సెక్యూరిటీవాళ్లూ అసోసియేషన్ ఆఫీసూ తెలిసినవాళ్లే ఉంటారు.

ఇంకో చిక్కు, 11 నెలల అగ్రిమెంటు. జూన్ 1న మొదలైతే ఏప్రిల్ 30న అయిపోతుంది. మళ్లీ 11 నెలలకే రాస్తే తర్వాతది మార్చి 31కి, సరిగ్గా పిల్లల పరీక్షల మధ్యకి. అప్పుడు "రెండు నెలలు ఉంటాం సార్" అని నోటిమాటగా సాగుతుంది, చేతిలో కాగితం ఉండదు, పెంచాల్సిన కిరాయీ పెరగదు. గడువు తేదీలన్నీ ఒకే షీటులో పెట్టి, 60 రోజుల ముందే ఉంటారా వెళ్తారా అని రాతపూర్వకంగా అడగాలి. 60 ఫ్లాట్లకు ఇది గుర్తుపెట్టుకోగలరేమో, 150కి కుదరదు.

లెక్కలమాస్టారు:
మీ అంకెలతోనే చూద్దాం. ఫ్లాటుకు నెలకు 1,500 చొప్పున ఏడాదికి 18 వేలు. మూడోవంతు ఫ్లాట్లలో కొత్త టెనెంట్ ఫీజు 15 వేలు, సగటున ఫ్లాటుకు 5 వేలు. మొత్తం 23 వేలు. 60 ఫ్లాట్లకు 13.8 లక్షలు, ముగ్గురి జీతాలూ పెట్రోలూ పోతే పెద్దగా మిగలదు. 87వ ఫ్లాటు దగ్గర 20 లక్షలు దాటతారు, అంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. 18 శాతం పన్ను కలిపి 1,500 కాస్తా 1,770 అవుతుంది. ఓనరు విదేశంలో ఉన్నాడు కాబట్టి ఇది ఎగుమతి సేవ, పన్ను పడదు అనుకుంటే పొరపాటు. ఆస్తి ఇక్కడుంది, పన్నూ ఇక్కడే. ఈ మాట ఓనర్లతో చేసుకునే అగ్రిమెంటులో "జీఎస్టీ అదనం" అని ఇప్పుడే రాసుకోండి. తర్వాత 60 మందిని ఒప్పించడం కంటే అది తేలిక.

రిపేరు బిల్లుల్లో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ప్లంబర్‌కు 2,000 ఇచ్చి ఓనరు దగ్గర 2,300 తీసుకుంటే మొత్తం 2,300 మీ టర్నోవరే. బిల్లు ఓనరు పేరున రాయించి, ఇచ్చిన 2,000 మాత్రమే విడిగా చూపించి తీసుకుంటే ప్యూర్ ఏజెంట్ (ఓనరు తరఫున డబ్బు కట్టి, అంతే తిరిగి తీసుకునేవారు) నిబంధన కింద అది మీ లెక్కలోకి రాదు. కిరాయి కూడా మీ కరెంట్ ఖాతాలో పడనివ్వకండి. నేరుగా ఓనరు ఎన్‌ఆర్‌వో ఖాతాకే (ఎన్‌ఆర్‌ఐలు ఇక్కడి ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతా) వెళ్లాలి.

టీడీఎస్, అంటే కిరాయి ఇచ్చేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను, ఇంకా ముఖ్యం. ఓనరు ఎన్‌ఆర్‌ఐ అయితే కిరాయి ఎంత తక్కువైనా టెనెంటే 30 శాతం, దానిమీద సెస్సు కలిపి 31.2 శాతం కోసి కట్టాలి. అందుకు టెనెంట్ ట్యాన్ (పన్ను కోసేవాళ్లకిచ్చే నంబరు) తీసుకోవాలి. నెలకు 50 వేలు దాటితే 2 శాతం అనే రూలు ఇక్కడ ఉండే ఓనర్లది. రెండూ కలిపేసుకుని ఏమీ కోయని టెనెంట్‌కు వడ్డీతో నోటీసు వస్తే ముందు ఫోన్ మీకే వస్తుంది. ఇల్లు చూపించేటప్పుడే చెప్పండి. ఓనరు తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కు అప్లై చేసుకుంటే ఆ కోత బాగా తగ్గుతుంది.

చీపురుకట్ట:
ఖాళీ ఫ్లాటు గురించి ఎవరూ చెప్పలేదు. ఎండాకాలం నెల రోజులు మూసి ఉంచితే నహానీ ట్రాపులో (బాత్రూం నేలమీది జాలీ కింద వాసన రాకుండా నీళ్లు నిలిచే చోటు) నీళ్లు ఆరిపోతాయి. డ్రైనేజీ వాసన, బొద్దింకలు నేరుగా ఇంట్లోకే. చూడ్డానికి వచ్చినవాళ్లు తలుపు దగ్గరే ముక్కు మూసుకుని వెనక్కి తిరుగుతారు. ప్రతి ట్రాపులో రెండు మగ్గుల నీళ్లు, పైన చెంచాడు వంటనూనె పోయండి. ఆ నూనె పొర నీటిని తొందరగా ఆరనివ్వదు. పదిహేను రోజులకోసారి ఫ్లష్ నొక్కాలి, కుళాయిలన్నీ వదలాలి, యుటిలిటీ బాల్కనీలో పావురాల గూడు ఉందేమో చూడాలి. గీజర్ ఎంసీబీ (మెయిన్ బోర్డులోని స్విచ్చు) ఆఫ్‌లో ఉండాలి. బోరునీళ్లున్న చోట ఏడాదికోసారి సున్నం గీకించకపోతే ఎలిమెంట్ పగిలి ఇల్లంతా ట్రిప్ అవుతుంది.

తాళంచెవి ట్యాగ్ మీద ఫ్లాటు నంబరు రాయొద్దు, కోడ్ రాయండి. టెనెంట్‌కు ఫ్లాటు అప్పగించేటప్పుడు తీసే వీడియోలో కరెంటు మీటరు రీడింగు, బాత్రూం సీలింగు తప్పక రావాలి. అడ్వాన్సు తిరిగిచ్చేటప్పుడు గొడవయ్యేది ఎక్కువగా పైఫ్లాటు లీకేజీ మరకల మీదే.

తాళాలగుత్తి:
ఉప్పల్ వదిలేస్తాం. ఒక్కటి చెప్పండి, మోటారు కాలిందనో పైపు పగిలిందనో ఫోన్ వచ్చేసరికి ఓనర్లకు అర్ధరాత్రి. వాళ్లు లేచేదాకా ఆగాలా?

గేటుపాస్:
ఓనరుతో అగ్రిమెంటులోనే పరిమితి పెట్టండి: 3,000 లోపు అడగకుండా చేస్తాం, ఆపైన ఫొటో, రెండు కొటేషన్లు పంపి 24 గంటలు ఆగుతాం, నీళ్లు కారడం, కరెంటు షార్టు మాత్రం ఎంతైనా వెంటనే. కిరాయి అగ్రిమెంటు మీద ఓనరు బదులు మీరే సంతకం పెట్టాలంటే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ (ఫలానా పనికే అధికారమిచ్చే పత్రం) తీసుకోండి, అమ్మే అధికారం అందులో ఉండకూడదు. అక్కడ అపోస్టిల్ (పత్రం అసలైనదేనని అక్కడి ప్రభుత్వం వేసే ధృవీకరణ) చేయించి పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. కవరు మీద చేరిన తేదీ రాసి, ఆ కవరు కూడా ఫైల్లోనే ఉంచండి.