పరస్పర హరణమా, పరస్పరాహరణమా?

ఒంగోలు కుర్రాడు: చీమకుర్తిలో గ్రానైట్ కార్మికుల మే డే సభకి బ్యానర్ రాయిస్తున్నాం. శ్రీశ్రీ కవిత 'దేశచరిత్రలు' నుంచి 'పరపీడన పరాయణత్వం' ప్రతి ఏడాదీ పెడుతూనే ఉన్నాం. ఈసారి సభలో యుద్ధాల గురించి మాట్లాడతారు కాబట్టి అక్కడిదే ఇంకో పాదం పెడదామనుకున్నా. నాకు నోటికొచ్చింది 'పరస్పర హరణోద్యోగం'. పెయింటర్ అన్న మాత్రం 'పరస్పరాహరణ' అని దీర్ఘం రాసి చూపించాడు. ఏది సరి? రేపు సాయంత్రానికి గుడ్డ మీద ఎక్కాలి.

కావలి మాస్టారు: దీర్ఘమే. వేళ్లు ముడిచి లెక్కపెట్టు నాయనా, లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. 'ఏ దేశచరిత్ర చూచినా' 14 మాత్రలు. 'ఏమున్నది గర్వకారణం' 14. 'నరజాతి చరిత్ర సమస్తం' 14. 'పరపీడన పరాయణత్వం' కూడా 14. నువ్వు చెప్పింది 13 దగ్గరే ఆగిపోతోంది. 'రా' అంటే లెక్క నిండుతుంది. మీ పెయింటర్‌కి చెవి ఉంది.

పెన్నగట్టు: లెక్క బాగానే ఉంది మాస్టారూ. మరి 'రణరక్త ప్రవాహసిక్తం' సంగతేంటి? 'క్త' తేల్చి పలికితే 13, 'ప్ర' ముందు ఊనితే 14. సభల్లో సగం మంది తేల్చే పలుకుతారు. వినేవాళ్లెవరికీ పాదం కుంటినట్టు అనిపించలేదు. శ్రీశ్రీని మాత్రలతో కట్టేయడం కష్టం.

కావలి మాస్టారు: అది సమాసం. 'ప్ర' ముందున్న 'క్త' గురువే. తేల్చి పలకడం చదివేవాడి అలవాటు, దాన్ని కవికి అంటగట్టకూడదు.

కందుకూరు అక్క: మాత్రలు వదిలేసి అర్థం చూడండి. హరణం అంటే ఎత్తుకుపోవడం. ఆహరణం అంటే తన వైపుకు లాక్కుని తెచ్చుకోవడం. ఆహారం పుట్టింది కూడా ఆ ధాతువు నుంచే. నా మటుకు నాకు ఈ పాదంలో ఒకరినొకరు తినడం వినిపిస్తుంది. 1884-85లో బెర్లిన్‌లో కూర్చుని ఆఫ్రికాను పంచుకోవడానికి నియమాలు రాసుకున్నవాళ్లే, 30 ఏళ్లు తిరక్కుండా 1914లో ఒకరి మీద ఒకరు పడ్డారు. పంచుకోవడానికి కొత్త నేల మిగల్లేదు, ఇక పక్కవాడి వాటా లాగాల్సిందే. 'పరస్పర' అన్నది అందుకే కదా. బలవంతుడు బలహీనుణ్ణి దోచుకోవడం వేరే చోట చెప్పాడు, ఇక్కడ చెప్పింది దొంగల మధ్య పోటీ గురించి.

పెన్నగట్టు: అక్కా, 'తినడం' నిఘంటువు ఒప్పుకోదు. తేవడం, పట్టి లాక్కోవడం వరకే. ఇంకో ప్రమాదం కూడా ఉంది. సవర్ణదీర్ఘం కదా, 'అహరణ' అని విడదీసినా అదే రూపం వస్తుంది. అప్పుడు 'ఒకరినొకరు దోచుకోకపోవడం' అవుతుంది, అర్థం తలకిందులు. హ్రస్వంతో ఆ గొడవే లేదు.

కందుకూరు అక్క: ఆ కవిత చదివిన మనిషి ఎవరూ అట్ట విడదీయరు తమ్ముడూ.

లింగసముద్రం: 1981లో లండన్ నుంచి గూటాల కృష్ణమూర్తి గారు వేసిన 'మహాప్రస్థానం' ప్రతి ఉంది కదా, ఈ కవిత అందులోదే, శ్రీశ్రీ స్వదస్తూరీతో. ఆయన గొంతుతో క్యాసెట్ కూడా ఇచ్చారు. ఎవరి దగ్గరన్నా ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి, ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

కావలి మాస్టారు: నా దగ్గర ఉండేది. చదివిస్తానని ఒకాయన పట్టుకెళ్లాడు, తిరిగి రాలేదు. ఉన్నవాళ్లు పెట్టండి, నేనూ చూస్తాను.

పెన్నగట్టు: అసలు మీరంతా 'రా' దగ్గర ఇరుక్కుపోయారు. నాకు ఆ పాదంలో ముఖ్యం 'ఉద్యోగం'. ఇప్పటి పిల్లలకు ఉద్యోగమంటే జీతం, పింఛను. శ్రీశ్రీకి చెవిలో మోగింది ఉద్యోగపర్వం. పని, ప్రయత్నం, యుద్ధానికి సన్నాహం. రాయబారాలు ఒక పక్క నడుస్తూనే ఉంటాయి, ఇంకో పక్క ఏడు అక్షౌహిణులు ఇటు, పదకొండు అటు పోగవుతూ ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముందు ఐరోపా ఇదే. 1906లో బ్రిటన్ డ్రెడ్‌నాట్ అనే యుద్ధనౌకను నీళ్లలోకి దించింది, జర్మనీ పోటీగా కట్టడం మొదలుపెట్టింది. ఇద్దరూ శాంతి మాటలు చెబుతూనే ఉన్నారు. ఉద్యోగపర్వాన్ని తెలుగు చేసినాయన మన నెల్లూరు మనిషే. మనుమసిద్ధి దగ్గర మంత్రి. రాజుల మధ్య బేరసారాలు ఎట్ట నడుస్తాయో తిక్కనకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. అందుకే ఆయన రాయబారం అంత బతికి ఉంటుంది. ఎవరు ఎవరి మొహం చూసి ఏ మాట మింగేశారో కూడా తెలిసిపోతుంది మనకు.

కావలి మాస్టారు: తిక్కన పేరెత్తితే నేను ఆగలేను. కానీ ఉద్యోగానికి 'సన్నాహం' ఒక్కటే అంటే ఒప్పుకోను. 'పూనిక' అనండి. దోచుకోవడమే పనిగా పెట్టుకోవడం. దానికి సైన్యం ఉండొచ్చు, బ్యాంకు ఉండొచ్చు. అప్పిచ్చి రేవులు, రైళ్లు రాయించుకోవడం కూడా ఆ పూనికలోదే.

సైదాపురం: నేను ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఈసారి రాయాలనిపించింది. ఆ కవితలో నాకు గుర్తుండిపోయింది 'చెక్ దేశపు గనిపనిమనిషీ'. పనిమనిషి అంటే మన ఇళ్లలో అంట్లు తోమే ఆవిడే గుర్తొస్తుంది. ముందు 'గని' పెట్టేసరికి అదే మాట కార్మికుడైపోయింది. మా నాయనమ్మ అబ్రకం పనికి పోయేది. గనిలోకి మగవాళ్లు దిగేవాళ్లు, పైన షెడ్డులో ఆడవాళ్లు వరసగా కూర్చుని కత్తితో పొర పొర చీల్చేవాళ్లు. ఆ తర్వాత కత్తెరతో అంచులు కత్తిరించడం. పొర ఎంత పల్చగా, మచ్చ లేకుండా వస్తే అంత ధర, కానీ ఆ ధర వీళ్లది కాదు. కూలి తూకం లెక్కన. ఇంటికొచ్చాక జుట్టులో, చీర కుచ్చెళ్లలో అబ్రకం రజను మెరుస్తూ ఉండేదంట. తను చీల్చింది ఎక్కడికి పోతుందో ఆమెకు తెలియదు. యుద్ధం రోజుల్లో పని ఎక్కువ, యుద్ధం అయిపోయాక పని లేదు, అంతవరకే తెలుసు.

కందుకూరు అక్క: ఎక్కడికి పోయిందో నేను చెబుతా తల్లీ. వైర్‌లెస్ సెట్లలోకి, విమానం ఇంజన్లలోకి. వేడికి కాలదు, కరెంటును పోనివ్వదు, అది లేకుండా రేడియో వాల్వు తయారు కాదు అప్పట్లో. 1942లో బ్రిటన్, అమెరికా కలిసి మన దేశంలో అబ్రకం కొనడానికి ఉమ్మడి మిషన్ పెట్టాయి, శత్రువు చేతికి పోకుండా. గూడూరు సరుకుకు అంత గిరాకీ. అబ్రకం గని కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది మాత్రం 1946లో, యుద్ధం ముగిశాక. సరుకు యుద్ధానికి అత్యవసరం, దాన్ని తవ్వే మనిషి ఆరోగ్యం ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఇది చూశాక 'ఆహరణ'లో 'ఆ' నాకు వదలబుద్ధి కావడం లేదు.

పెన్నగట్టు: 'చెక్ దేశపు' అన్నదాని మీద నాదొక ఊహ. చీనాలో రిక్షావాలా, చెక్ దేశపు గనిపనిమనిషి. ఊరికే ప్రాస కోసం తీసుకున్న దేశాలు కావు. 1937లో జపాన్ చైనా మీద పడింది. 1938 సెప్టెంబరులో మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్ కూర్చుని, చెక్ ప్రతినిధుల్ని బయట కూర్చోబెట్టి, వాళ్ల సరిహద్దు ప్రాంతాన్ని హిట్లర్‌కి రాసిచ్చేశాయి. ఆ రోజుల్లో పేపరు చదివేవాడికి ఈ రెండు పేర్లూ కలిసే కనిపించేవి.

లింగసముద్రం: మరి ఐర్లాండ్ ఓడ కళాసీ? వాళ్ల మీద 1938లో ఎవరు పడ్డారు?

పెన్నగట్టు: బ్రిటన్ అప్పటికి ఎన్ని వందల ఏళ్ల నుంచి పడి ఉందో తెలీదా అన్నా మీకు?

ఒంగోలు కుర్రాడు: పెద్దలందరికీ దండాలు. పెయింటర్ అన్న ఫోన్ చేస్తున్నాడు. దీర్ఘమా, హ్రస్వమా?

చీమకుర్తి: నాదొక మాట తమ్ముడూ. క్వారీలో మాతో పాటు బయటి రాష్ట్రాల వాళ్లు చాలామంది పనిచేస్తున్నారు. తెలుగు చదవలేరు. చదవగలిగే మాకు కూడా ఈ సమాసం ఒక్క గుక్కలో రాదు. మేం తీసిన గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు చైనాకి పోతాయి. సముద్రం అవతల ఎక్కడో గొడవై ఓడలు ఆగితే ముందు మా షిఫ్టులు తగ్గిస్తారు. పని ఎందుకు ఆగిందో చెప్పే నాథుడు ఉండడు. ఆ సంగతి బ్యానర్ మీద తేలిక మాటల్లో ఉంటే మాకు కావాలి. శ్రీశ్రీ పాదం మైకులో చదవండి, నేనే చప్పట్లు కొడతా.

కావలి మాస్టారు: చీమకుర్తి అన్న మాట నిజమే. మే డే నాడే పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు, అలగానిపాడు సుందరయ్య గారు కూడా కూలీల దగ్గర వాళ్ల భాషే మాట్లాడేవారు. పేరు చివర రెడ్డి తీసేసి, సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టిన మనిషి ఆయన. అయినా బరువైన పాదం కూలివాడికి అర్థం కాదని మనమే తీర్మానించకూడదు. రాయబారంలో కృష్ణుడు కౌరవసభలో చెప్పిన 'సారపు ధర్మమున్' పద్యం మా ఊళ్లో హరికథలో విని చదువు రాని వాళ్లు కూడా పాడేవాళ్లు. 'దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు'. చేయగలిగిన శక్తి ఉండి చూస్తూ ఊరుకుంటే చేటు వాళ్లకే. మే డేకి ఇంతకంటే ఏం కావాలి?

పెన్నగట్టు: మాస్టారూ, అక్కడ దక్షులంటే భీష్ముడు, ద్రోణుడు. సభలో కూర్చున్న పెద్దలు. కార్మికులకు అన్వయం కుదరదు.

కావలి మాస్టారు: ఎందుకు కుదరదు? యుద్ధం ఆపగల దక్షత భీష్ముడికి ఉందని నువ్వనుకుంటున్నావు. ఆయన చివరికి ఆ పక్షానే సేనాపతి అయ్యాడు. 1917లో రష్యాలో కార్మికులు, సైనికులు ఊరుకోలేదు కాబట్టే ఆ దేశం తర్వాతి మార్చిలో యుద్ధం నుంచి బయటపడింది. 1946 ఫిబ్రవరిలో బొంబాయి నావికులు తిరగబడితే మిల్లు కార్మికులు పని ఆపి వీధుల్లోకి వచ్చారు. వాళ్లు దక్షులు కారా?

పెన్నగట్టు: చరిత్రలో ఒప్పుకుంటా, పద్యంలో ఒప్పుకోను. తిక్కన ఆ మాట ఎవరి మొహం చూసి అనిపించాడో మీకూ తెలుసు.

కందుకూరు అక్క: ఆ సభలో వినాల్సినవాళ్లు ఒక్కరూ వినలేదు. ఇన్ని వందల ఏళ్లూ ఆ పద్యాన్ని నోట్లో పెట్టుకుని కాపాడింది మాస్టారు చెప్పిన ఆ చదువు రానివాళ్లే. అన్వయం కుదరదంటే ఎట్ట తమ్ముడూ?