రిపేరు షాపు దుమ్ము: పాకే పిల్ల ఉన్న ఇంట్లో భయపడాలా?

కోట_గుమ్మం
మాది విజయనగరం, కోట దగ్గర. మా కింది గదిలో పాత టీవీలు, కంప్యూటర్లు బాగుచేసే షాపుంది. సాయంత్రమయ్యేసరికి బ్లోయర్ పెట్టి లోపలి దుమ్మంతా మెట్ల మీదికి ఊదుతారు. పాత టీవీ డబ్బా ప్లాస్టిక్కుకి నిప్పంటుకోకుండా పీబీడీఈ అనే బ్రోమిన్ మందులు కలిపేవారట. అవి ప్లాస్టిక్కుతో రసాయనికంగా కలవవు. ఏళ్ల తరబడి మెల్లగా బయటికొచ్చి దుమ్ములో చేరతాయి, థైరాయిడ్ హార్మోన్ పనికి అడ్డుపడతాయి అంటున్నారు. మా మనవరాలికి పది నెలలు. మెట్లన్నీ తడిమి ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటోంది.

ఐసీ_741
19 ఏళ్లుగా ఇదే పని నాది. లోపలి సర్క్యూట్ బోర్డుల్లో వాడేది పీబీడీఈ కాదు, టీబీబీపీఏ అనే ఇంకో బ్రోమిన్ మందు. అది బోర్డు చేసే ఎపాక్సీ జిగురులో కలిసి గట్టిపడిపోతుంది, ఊడి రాదు. మీరు చదివింది అమెరికా సోఫాల గురించి అయ్యుంటుంది. కాలిఫోర్నియావాళ్లు 1975లో అగ్గి పరీక్ష పెట్టబట్టి అక్కడ ఫోమ్ నిండా ఈ మందులు కుక్కారు. మన ఊళ్లో సోఫా కుట్టేవాడు అగ్గిపుల్ల గీసి చూస్తాడేటి?

నాగావళి_గట్టు
పొడి చీపురు వద్దు, తడిగుడ్డతో తుడవండి. అన్నం ముందు పిల్ల చేతులు కడగండి. అంతే.

కోట_గుమ్మం
నేనడిగింది డబ్బా గురించి, బోర్డు గురించి కాదు. పీబీడీఈల్లో పెంటా, ఆక్టా రకాలు 2009లో, డెకా 2017లో స్టాక్‌హోమ్ ఒప్పందంలోకెక్కాయి, అదే, ఏళ్ల తరబడి పోని విషాల్ని ఆపాలని దేశాలన్నీ చేసుకున్నది. ఊరికే ఎక్కిస్తారా?

ఐసీ_741
బోర్డు సంగతి తేలాక డబ్బా సంగతి. బోర్డులోంచి రాదని ఒప్పుకున్నట్టేనా? మన ఈ-వేస్ట్ రూల్సు ప్రకారం 2014 నుంచి కొత్త సామాన్లలో పీబీడీఈ 0.1 శాతం దాటకూడదు కూడా.

కోట_గుమ్మం
నీ షాపులో గుట్టపడినవన్నీ అంతకు ముందు టీవీలే కదా.

పలాస_పిల్ల
మా అమ్మ జీడిబట్టీలో ఇరవయ్యేళ్లు చేసింది. జీడి రసానికి వేళ్లు నల్లబడి, తోలు ఊడిపోయింది. దాని గురించి ఎవరూ ఇంత పొడుగు రాయలేదు. టీవీ దుమ్ముకి మాత్రం ఒప్పందాలూ, తేదీలూ.

వంశధార_అల
అమెరికాలో ఇంటి పిల్లుల రక్తం చూస్తే ఈ మందులు మనుషుల్లోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువున్నాయట. దుమ్ములో పొర్లి ఒళ్లు నాక్కుంటాయి కదా. పాకే పిల్లలదీ ఇంచుమించు అదే పద్ధతి.

ఐసీ_741
రోజంతా నా ముక్కు ఆ దుమ్ములోనే. నాకు థైరాయిడ్ లేదు. మెట్ల మీద ఎంతుందో ఎవరైనా కొలిచారా? ఇక దాపరికమెందుకు, ఆ షాపు నాదే. జనవరిలో అద్దె రెండు వేలు పెంచమన్నారు, నావల్ల కాదన్నాను. ఫిబ్రవరిలో మోటారు కనెక్షన్ పీకించారు. ఇప్పుడు బ్రోమిన్ దొరికింది.

కోట_గుమ్మం
నువ్వని నీ మొదటి పోస్టుకే తెలిసిందిలే. నీ పేరు నేను రాయలేదు, నువ్వే బయటపడ్డావు. అద్దె వేరు, ఇది వేరు. నిన్న మెట్టు మీద వేలు పెట్టి గీస్తే బూడిదలో గీసినట్టు చార పడింది. అదే మెట్టు మీద పిల్ల కూర్చునుంది. నేను కేకేస్తే నువ్వు నవ్వి ‘ఏటవుతాది మాస్టారూ’ అన్నావు. పరాయి పిల్లంటే అంత చులకన!

అడ్మిన్
అద్దె గొడవలు ఇక్కడ వద్దు. ఇంకో పోస్టు పడితే తాళం వేస్తాను.

పలాస_పిల్ల
ఇప్పుడే కదండీ అసలు సంగతి మొదలైంది. ఉంచండి.

ఐసీ_741
అన్నాను. చులకనై కాదు మాస్టారూ. మావాడు పాకింది ఆ షాపులోనే. వాళ్లమ్మకి ఒంట్లో బాగోక, నేనే వాణ్ని టీవీ డబ్బాల మధ్య గోనెపట్టా మీద కూర్చోబెట్టి పని చేసుకునేవాణ్ని. స్క్రూలు నోట్లో పెట్టుకోకుండా చూశాను గానీ దుమ్మని ఎవరనుకున్నారు? ఇప్పుడు వాడికి పదిహేను. ‘ఏటీ అవదు’ అని నేననకపోతే ఇంకెవరంటారు?

నాగావళి_గట్టు
😔

కోట_గుమ్మం
ఆ గోనెపట్టా నాకూ గుర్తే. మోటారు వైరు రేపు కలిపిస్తాను. బ్లోయర్ వెనక సందులో పెట్టుకో బాబూ.

ఐసీ_741
వెనక సందులో పక్కింటివాళ్ల బావి ఉంది మాస్టారూ.