ఉమ్మనీటిలో "నలుసులు" అనవచ్చా?

ప్రశ్న: తొమ్మిదో నెల స్కాన్ రిపోర్టులో "లైకర్ అడిక్వేట్, ఇంటర్నల్ ఎకోస్ సీన్" అని రాశారు. గర్భిణుల కోసం వేస్తున్న కరపత్రంలో దీన్ని "ఉమ్మనీరు మురికిగా ఉంది" అని తెలుగు చేశాం. సరేనా?

– వద్దండీ. అక్కడున్నవి రెండు సంగతులు. లైకర్ అంటే ఉమ్మనీరు; అడిక్వేట్ అన్నది దాని కొలత, "సరిపడా" అంటే చాలు. బొడ్డు మీదుగా పొట్టను నాలుగు భాగాలు చేసి, ప్రోబును (పొట్ట మీద ఆనించే స్కాన్ పరికరాన్ని) నేలకు నిటారుగా పట్టుకుని, ఒక్కో భాగంలో బాగా లోతున్న నీటి గుంటను నిలువుగా కొలుస్తారు. నాలుగూ కలిపి 5 నుంచి 25 సెం.మీ. లోపుంటే మామూలే. ఒక్క గుంటతోనే చూస్తే 2 నుంచి 8. బొడ్డుతాడు చుట్టలు నిండిన గుంటను లెక్కేస్తే మాత్రం లేని నీరు ఉన్నట్టు వస్తుంది.

ఎకోస్ అన్నది రూపం. స్కాన్‌లో నీరు నల్లగా ఉంటుంది, అందులో తెల్లటి చుక్కలన్నమాట. నెలలు నిండాక అవి చాలామటుకు బిడ్డ ఒంటి నుంచి ఊడిన తెల్లటి పూతే. రక్తం కలిసినా, తొలి మలం కలిసినా ఇలాగే కనబడుతుంది. ఏదన్నది స్కాన్ తేల్చలేదు. "మురికి" అంటే "బిడ్డ లోపలే విరేచనం చేసేసింది" అనుకుని తల్లి హడలిపోతుంది. "నలుసులు కనిపిస్తున్నాయి" అనండి.

– మాస్టారూ, "కడుపున నలుసు పడింది" అంటే నెల తప్పిందనేగా! నలుసులంటే కవలలా అని అడుగుతారు. "రేణువులు" మేలు.

– నిజమే, కంట్లో పడ్డ నలుసే గుర్తొచ్చింది నాకు. "తేలుతున్న తెల్లటి రేణువులు" అందాం. అయితే తేలడం చూశాకే ఆ మాట రాయాలి. స్కాన్ మిషన్‌లో గెయిన్ (బొమ్మ వెలుగు పెంచే మీట) ఎక్కువ పెడితే ఉత్త నీరు కూడా మసగ్గా కనిపిస్తుంది, తగ్గిస్తే పోతుంది. నిజం రేణువులైతే బిడ్డ కదిలినప్పుడు సుడి తిరుగుతాయి.

– ఒక్క చేర్పు. ఐదారు నెలలప్పుడు గర్భాశయ ముఖద్వారం దగ్గర ముద్దగా పేరుకున్నదాన్ని "స్లడ్జ్" అంటారు. దానికి రేణువులు సరిపోదు, నూనె అడుగున దిగినట్టు "మడ్డి" అనాలి. నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పుతో దానికి సంబంధం ఉంది కాబట్టి ఆ ముఖద్వారం (సెర్విక్స్) పొడవూ కొలుస్తారు. 25 మి.మీ. కన్నా తగ్గితే పొట్టి కిందే లెక్క. కరపత్రంలో రేణువులనూ మడ్డినీ ఒకే పేరాలో కలపొద్దు.