తత్వవేత్తల మీద చిన్న పుస్తకాలు: మీరు నిజంగా చివరిదాకా చదివినవే చెప్పండి

తెనాలి ప్యాసింజర్
అందరికీ నమస్కారం. నేను రోజూ తెనాలి నుంచి బెజవాడ ఉద్యోగానికి వెళ్లి వస్తాను. పోనూ రానూ గంటన్నర రైల్లోనే గడుస్తుంది. ఫోన్ చూసీ చూసీ విసుగొచ్చి, పోయిన నెల పాత పుస్తకాల కొట్లో జర్మన్ తత్వవేత్త కాంట్ మీద ఒక చిన్న పుస్తకం కొన్నాను. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల 'వెరీ షార్ట్ ఇంట్రడక్షన్' సిరీస్‌లోది, రోజర్ స్క్రూటన్ రాశాడు. 70 రూపాయలు. చొక్కా జేబులో పట్టేంత ఉంది కదా, వారంలో ఊదేయొచ్చు అనుకున్నాను.

మొదటి చాప్టర్ హాయిగా సాగింది. కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు, అక్కడే చదివాడు, అక్కడే పాఠాలు చెప్పాడు, అక్కడే పోయాడు. మూడో చాప్టర్ దగ్గర బండి ఆగింది. మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ అక్కడే. తమాషా ఏమిటంటే, నాకంటే ముందు ఈ పుస్తకం ఎవరి దగ్గరుందో గానీ, వాళ్లు పెన్సిల్‌తో గీసిన గీతలు కూడా సరిగ్గా ఆ పేజీలోనే ఆగిపోయాయి.

నాది బీకామ్. తత్వశాస్త్రంలో ఓనమాలు కూడా రావు. పెద్ద పుస్తకాలు వద్దు, వీడియోలు వద్దు. మీరు ఆఖరి పేజీ దాకా చదివినవి చెప్పండి. తెలుగులో ఉంటే మరీ మంచిది.

కారప్పూస
ఆ పెన్సిల్ ఆయన ఇప్పుడెక్కడున్నాడో పాపం.

అన్నా, కాంట్‌తో మొదలుపెట్టడం అంటే ఈత నేర్చుకోవడానికి ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర దిగడమే. విల్ డ్యురాంట్ రాసిన 'స్టోరీ ఆఫ్ ఫిలాసఫీ' పట్టుకో. అది లావు పుస్తకం కదా అనకు. పుట్టింది చిన్న పుస్తకాలుగానే. డ్యురాంట్ న్యూయార్క్‌లో లేబర్ టెంపుల్ అనే చోట కార్మికులకు పాఠాలు చెప్పేవాడు. ఒకరోజు ప్లేటో మీద మాట్లాడుతుంటే, కాన్సస్ నుంచి వచ్చిన హాల్డెమన్-జూలియస్ అనే పబ్లిషర్ విని, దీన్నే పుస్తకంగా రాసిమ్మన్నాడు. ఆయన వేసేవి 'లిటిల్ బ్లూ బుక్స్'. అరచేతిలో పట్టేంత సైజు, ఒక్కోటి 5 సెంట్లు. అలా ఒకటొకటిగా వచ్చినవన్నీ కలిపి 1926లో పెద్ద పుస్తకం అయింది, జనం ఎగబడి కొన్నారు. నువ్వు కూడా ఒక్కో చాప్టర్‌ని ఒక్కో చిన్న పుస్తకం అనుకుని చదివేయ్. స్పినోజా చాప్టర్ ఒక్కటి చాలు. 23 ఏళ్ల కుర్రాణ్ని 1656లో సొంత సమాజమే వెలివేస్తే, అద్దాలు సానబట్టుకుని బతికాడు. నేను అది రెండుసార్లు చదివాను.

మెయిన్స్ మళ్లీ
డ్యురాంట్ చదవడానికి బాగుంటాడు, కాదనను. కానీ పేజీ తిప్పాక ఏం మిగులుతుందో చూసుకోండి. స్పినోజా అద్దాలు సానబట్టాడని గుర్తుంటుంది. ఏం చెప్పాడో అడిగితే నీళ్లు నములుతాం.

నేను అశోక్‌నగర్‌లో సివిల్స్‌కి చదువుతున్నాను, ఆప్షనల్ ఫిలాసఫీ. సిలబస్ చిన్నది అని సీనియర్ చెబితే తీసుకున్నాను. ఆ సీనియర్ ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ప్లేటో నుంచి క్వైన్, స్ట్రాసన్ దాకా, ఇటు చార్వాకుల నుంచి అరవిందుల దాకా అన్నీ చదవాలి. కాబట్టి ఈ చిన్న పుస్తకాలు నా కన్నా ఎక్కువ కొన్నవాడు ఈ చర్చలో ఉండడు.

పాల్ స్ట్రాథర్న్ '90 నిమిషాల్లో' సిరీస్ టీ తాగుతూ చదువుకోవడానికి. కబుర్లు బాగా చెబుతాడు, అసలు సంగతికి వచ్చేసరికి పేజీలు అయిపోతాయి. పీటర్ సింగర్ రాసిన 'హెగెల్' మాత్రం నా ప్రాణం కాపాడింది. హెగెల్‌ని చరిత్ర వైపు నుంచి మొదలుపెడతాడు, ఎందుకంటే అందులో కాస్త తేలిగ్గా అందేది అదే. ఎక్కడ పట్టుకుంటే లాగొచ్చో తెలిసినవాడు రాసిన పుస్తకం అది.

స్క్రూటన్ 'కాంట్' నేను కూడా వదిలేశాను. పెన్సిల్ మాత్రం నాది కాదు.

వసారాలో కుర్చీ
ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెప్పి రిటైర్ అయ్యాను. చివరి పదేళ్లు క్లాసులో నలుగురైదుగురు కూడా ఉండేవారు కాదు. ఇక్కడ ఇంతమంది కనిపిస్తే సంతోషంగా ఉంది.

తెనాలి గారూ, మీరు ఆగింది మీ తప్పు వల్ల కాదు. మూడో చాప్టర్ 'ట్రాన్సెండెంటల్ డిడక్షన్' మీద. దాని మీద కాంటే తన 'క్రిటీక్ ఆఫ్ ప్యూర్ రీజన్'లో ఒకసారి రాసింది తృప్తి లేక, 1787లో ఆ పుస్తకం రెండో కూర్పుకి మొత్తం తిరగరాశాడు. పైగా స్క్రూటన్ రెండో చాప్టర్‌లో కాంట్‌కి ముందు తత్వవేత్తలు లైబ్నిజ్, హ్యూమ్ ఇద్దరినీ గబగబా చెప్పేసి, ఇక మీకు తెలిసిపోయింది అన్నట్టు ముందుకు వెళ్లిపోతాడు. హ్యూమ్ అడిగిన ప్రశ్న మీ కడుపులో తిప్పకపోతే, కాంట్ ఇచ్చిన మందు ఎందుకో అర్థం కాదు.

ఆ ప్రశ్న ఇది. క్యారమ్స్ ఆడుతున్నారు. స్ట్రైకర్ వెళ్లి నల్ల కాయిన్‌ని కొట్టింది, కాయిన్ వెళ్లి పాకెట్‌లో పడింది. స్ట్రైకర్ కదలడం చూశారు. తగలడం చూశారు. కాయిన్ కదలడం చూశారు. 'దీనివల్ల అది కదిలింది' అంటున్నామే, ఆ 'వల్ల'ని ఎక్కడ చూశారు? బోర్డు మీద ఎంత వెతికినా కనపడదు. వెయ్యిసార్లు ఒకదాని వెనక ఒకటి జరగడం చూసి అలవాటుపడ్డాం, అంతే అంటాడు హ్యూమ్. ఆయన చెప్పింది బిలియర్డ్ బంతులతో. మా పిల్లలకి బిలియర్డ్స్ తెలియదు కాబట్టి నేను క్లాసులోకే క్యారమ్ బోర్డు తెప్పించేదాన్ని. ప్రిన్సిపాల్ గారు ఒకసారి కిటికీలోంచి చూసి ఏమనుకున్నారో గానీ, అడగలేదు.

అలా అయితే సైన్స్ మొత్తం అలవాటు మీద నిలబడిందా అని కాంట్‌కి నిద్ర పట్టలేదు. ఆ 'వల్ల' అనేది బయట దొరికే సరుకు కాదు, అనుభవం అనేదే కుదరాలంటే మన బుద్ధి ముందే వేసుకుని వచ్చే చట్రం అన్నాడు. మూడో చాప్టర్ పేచీ అంతా ఈ చట్రం గురించే.

కాబట్టి ముందు ఏ.జె. ఏయర్ రాసిన 'హ్యూమ్' చదవండి, అదే సిరీస్‌లో దొరుకుతుంది. నాలుగో చాప్టర్ ఈ కార్యకారణాల మీదే. తర్వాత స్క్రూటన్‌లో మూడు, నాలుగు వదిలేసి ఐదుకి వెళ్లండి. అది నీతి గురించి, బతుకులో తగిలే విషయం. అది పట్టుబడ్డాక వెనక్కి రండి. ఇలాంటి పుస్తకాన్ని వరసగా చదవాలని ఎవరూ ఒట్టు పెట్టలేదు.

మెయిన్స్ మళ్లీ
మేడమ్, ఈ క్యారమ్ బోర్డు ముక్క నాకు రెండేళ్ల క్రితం ఎవరైనా చెప్పి ఉంటే కోచింగ్ నోట్స్‌కి పోసిన రెండు వేల రూపాయలు మిగిలేవి.

డాలస్‌లో గోంగూర
మా ఇంట్లో గెలిచింది నైజెల్ వార్‌బర్టన్ 'ఎ లిటిల్ హిస్టరీ ఆఫ్ ఫిలాసఫీ'. 2011లో వచ్చింది. 40 చిన్న చాప్టర్లు, సోక్రటీస్ దగ్గర మొదలై పీటర్ సింగర్‌తో ఆగుతుంది. తొమ్మిదో క్లాసు చదివే మా అమ్మాయి, నేను రాత్రి ఒక్కో చాప్టర్ చదివేవాళ్లం. నలభై రోజులు అనుకున్నది మూడు నెలలు పట్టింది, ఎందుకంటే ప్రతి చాప్టర్ తర్వాతా గొడవే.

చివరిది బాగా తగిలింది. చెరువులో పిల్లాడు మునిగిపోతున్నాడు, నువ్వు దూకితే నీ ఖరీదైన బూట్లు పాడవుతాయి, దూకుతావా లేదా? దూకుతాం అంటాం కదా. మరి దూరదేశంలో చచ్చిపోతున్న పిల్లలకి ఆ బూట్ల డబ్బు ఎందుకు పంపవు అంటాడు సింగర్. నేను ఆ వారమే 140 డాలర్లు పెట్టి రన్నింగ్ షూస్ కొన్నాను. డబ్బా ఇంకా సోఫా పక్కనే ఉంది. మా అమ్మాయి ఏమీ అనలేదు. డబ్బా వంక చూసింది, నా వంక చూసింది, గుడ్ నైట్ డాడీ అని వెళ్లిపోయింది. రిటర్న్ చేయలేదు లెండి. కానీ వాకింగ్‌కి వెళ్లినప్పుడల్లా సింగర్ గుర్తొస్తాడు.

పాత సంచిక
తెలుగులో అడిగారు కదా. గోపీచంద్ గారి 'తత్వవేత్తలు' మా నాన్నగారి బీరువాలో ఉండేది, నేను ఇంటర్‌లో చదివాను. నవలలు రాసిన చెయ్యి కాబట్టి చదివిస్తుంది. పాత పుస్తకాల కొట్లలో అడిగి చూడండి.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది, మాటలది. ఇంగ్లిష్‌లో రేషనలిస్టు అంటే డెకార్ట్, స్పినోజా, లైబ్నిజ్. దాన్ని తెలుగులో 'హేతువాది' అని రాస్తారు. మనకేమో హేతువాది అనగానే త్రిపురనేని రామస్వామి చౌదరి గారు, గోరా గారు గుర్తొస్తారు. దేవుడు లేడనేవాళ్లు, మూఢనమ్మకాల మీద పోట్లాడేవాళ్లు అని. డెకార్ట్ హేతువాది అని చదివి, మూడు పేజీల తర్వాత ఆయన దేవుడు ఉన్నాడని రుజువు చేస్తుంటే నేను అచ్చుతప్పు అనుకున్నాను, నిజంగా. ఇంద్రియాల కన్నా బుద్ధి మీదే ఎక్కువ నమ్మకం పెట్టుకున్నవాడు అని ఒక్క వాక్యం ముందు రాసి ఉంటే సరిపోయేది. అసలు మన భాషలో 'ఫిలాసఫీ చెప్పకు', 'వేదాంతం మాట్లాడకు' అన్నవి తిట్లు కదా, రాసేవాళ్లకి ఉత్సాహం ఎక్కడినుంచి వస్తుంది.

కారప్పూస
మా ఆవిడ నాతో రోజూ అనే మాట రెండోది.

వసారాలో కుర్చీ
పాత సంచిక గారు చెప్పిన చిక్కు నిజం. పరీక్ష పేపర్లలో కూడా చూశాను.

కారప్పూస గారి డ్యురాంట్ మీద ఒక మాట. ఆ పుస్తకంలో అరిస్టాటిల్ తర్వాత పేజీ తిప్పితే ఫ్రాన్సిస్ బేకన్ వచ్చేస్తాడు. మధ్యలో దాదాపు రెండు వేల ఏళ్లు ఒక్క గెంతు. మన దేశం ఊసే లేదు. తర్వాత 1935లో వేరే పుస్తకంలో ఆ బాకీ తీర్చాడనుకోండి. మన దర్శనాలకి ఎం. హిరియన్న గారి 'ఎసెన్షియల్స్ ఆఫ్ ఇండియన్ ఫిలాసఫీ' పట్టుకోండి, 1949 నాటిది. మైసూరు పంతులు గారు, ఒక్క మాట ఎక్కువ రాయరు.

ఇంకో సంగతి. మనవాళ్లకి ఒక మంచి అలవాటు ఉండేది. ఎదుటివాడి వాదం పూర్వపక్షంగా ముందు పెట్టి, ఆ తర్వాతే తన మాట చెప్పేవారు. పద్నాలుగో శతాబ్దంలో మాధవుడు 'సర్వదర్శన సంగ్రహం' రాస్తూ తనకి గిట్టని చార్వాకుల్నే మొదటి అధ్యాయంలో కూర్చోబెట్టాడు. చిన్న పుస్తకం కొనేముందు నేను చూసేది ఇదే. రాసినాయనకి ఆ తత్వవేత్త నచ్చకపోయినా, ముందు ఆయన మాట ఆయన్ని చెప్పనిచ్చాడా లేదా? విట్‌గెన్‌స్టైన్ మీద గ్రేలింగ్ పుస్తకం ఉంది, చివర్లో ఈయన అనుకున్నంత గొప్పవాడేమీ కాదని తేల్చేస్తాడు. తేల్చడం తప్పు కాదు. కొత్తగా చదివేవాళ్లు ఆ తీర్పునే పరిచయం అనుకుంటారని నా బాధ. ఏయర్ కూడా తక్కువవాడు కాదు. ఆయన పుస్తకంలోని హ్యూమ్ కాస్త ఏయర్ లాగే ఉంటాడు.

ఇంకో సిరీస్ ఉంది, గ్రాంటా వాళ్ల 'హౌ టు రీడ్'. విట్‌గెన్‌స్టైన్ మీద రే మంక్ రాశాడు. పద్ధతి మనకి చిన్నప్పటి నుంచి తెలిసిందే. పది దాకా మూలంలోని ముక్కలు తీసుకుని, ఒక్కో ముక్క ఇచ్చి, కింద వివరణ. మనం పద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం అని చదువుకోలేదూ? అలాగే. తాత్పర్యం ఒక్కటే బట్టీ పట్టినవాడికి పద్యం రాదు. ఉత్త పరిచయాలే చదివితే జరిగేదీ అదే.

మెయిన్స్ మళ్లీ
మేడమ్ మాటకి తోడు: అసలు పుస్తకాల్లోనే చిన్నవి ఉన్నాయి. ప్లేటో 'అపాలజీ' ఒక రాత్రిలో అయిపోతుంది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితం. సోక్రటీస్‌కి నేరం రుజువైంది, ఇక శిక్ష ఏం వేయాలో నువ్వే చెప్పుకో అంటారు. ఆయన, నేను ఊరికి చేసిన మేలుకి ఊరి ఖర్చుతో నాకు భోజనం పెట్టాలి అంటాడు. ప్రాణం మీదికి వచ్చినవాడి మాటలా అవి? నేను రూమ్‌లో ఒక్కణ్నే గట్టిగా నవ్వాను. ఏ పరిచయం చదివినా ఆ నవ్వు రాలేదు.

రస్సెల్ 'ప్రాబ్లమ్స్ ఆఫ్ ఫిలాసఫీ' కూడా అక్కడే ఉంది, 1912 నాటిది, 15 చిన్న చాప్టర్లు. ముందున్న టేబుల్ రంగేమిటో చెప్పు చూద్దాం అని మొదలుపెడతాడు. అటు కూర్చుంటే ఒక రంగు, ఇటు కూర్చుంటే ఒక రంగు, వెలుగు పడినచోట తెలుపు. మా మెస్ స్టీల్ టేబుల్ మీద ట్రై చేశాను, సాంబార్ వడ్డించే అన్న విచిత్రంగా చూశాడు.

డాలస్‌లో గోంగూర
బొమ్మలతో కావాలంటే మెక్సికన్ కార్టూనిస్టు రియుస్ 'మార్క్స్ ఫర్ బిగినర్స్'. నవ్విస్తాడు, ఎటువైపు మాట్లాడుతున్నాడో దాచుకోడు. ఆ దారిలో తర్వాత వచ్చినవి చాలా చూశాను, బొమ్మలు పేజీ నింపడానికే అనిపించింది.

తెనాలి ప్యాసింజర్
నెల తర్వాత వచ్చాను, క్షమించండి. ఆడిటింగ్ సీజన్.

మేడమ్ చెప్పినట్టే చేశాను. ఏయర్ 'హ్యూమ్' తెప్పించి పన్నెండు రోజుల్లో పూర్తి చేశాను. నాలుగో చాప్టర్ రెండుసార్లు. ఇంట్లో అటక మీది క్యారమ్ బోర్డు దించాను, పౌడర్ లేక స్ట్రైకర్ సగంలోనే ఆగిపోయింది. దానికీ 'వల్ల' ఏమిటో హ్యూమ్‌నే అడగాలి. స్క్రూటన్ 'కాంట్'లో ఐదో చాప్టర్ బాగా అర్థమైంది. మనిషిని మన పని జరిగే సాధనంగా మాత్రమే చూడకూడదు అన్న దగ్గర మా మేనేజర్ ఫోటో అంటించాలనిపించింది. మొన్న మళ్లీ మూడుకి వచ్చాను. పెన్సిల్ గీతలు ఆగిన పేజీ దాటి నాలుగు పేజీలు వెళ్లాను. సగమే తెలిసింది. కానీ దేనికి తన్నుకుంటున్నాడో తెలిసింది.

మెయిన్స్ మళ్లీ
అన్నా, హ్యూమ్ చదివేశావుగా, నాకు కొరియర్ చేస్తావా? చార్జీలు నేనే ఇస్తాను.

తెనాలి ప్యాసింజర్
పంపేవాణ్నే తమ్ముడూ. సోమవారం ఎదుటి సీటాయన ఒకసారి చూసిస్తానని తీసుకున్నాడు. దుగ్గిరాల వచ్చిందని నేను తలెత్తేసరికి దిగిపోయి ఉన్నాడు. మూడు రోజుల నుంచి అదే బోగీ ఎక్కుతున్నాను.