కారులో ఒలికిన పెరుగన్నం వాసన పోయేదెలా? వనభోజనాలకు వెళ్లేవాళ్లు కూడా చెప్పండి

ఉసిరిచెట్టు_నీడ:
ఘాట్ రోడ్డు మీద వెనక సీట్లో పెట్టిన అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా మూత ఎగిరి, పెరుగన్నం సగం సీటు పాలైంది. గుడ్డ సీటు, తోలుది కాదు. పైపైన తుడిచి సెంటు కొట్టాం. మూడో రోజుకి ఏసీ వేస్తే చాలు, పుల్లటి కంపు. మూడు సందేహాలు. వాసన ఎలా పోతుంది? డబ్బా ముప్పావు వంతే నింపినా మూత ఎందుకు లేచింది? వచ్చే ఆదివారం ఇరవై మందితో మళ్లీ వెళ్తున్నాం, ఈసారి ఏం పట్టుకెళ్తే మంచిది?

వంటింటి_వకీలు:
వాసన సంగతి ఎవరైనా చెప్తారు గానీ, ప్రయాణానికి పెరుగన్నం ఎవరు పెట్టమన్నారండీ? పులిహోర ఉండగా? ఇరవై మందికి వేరే పదార్థాలు కూడా ఉంటే కిలోన్నర బియ్యం చాలు. కిలోకి 150 గ్రాముల చింతపండు లెక్క. వేణ్నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి చిక్కగా గుజ్జు తీయాలి. నూనెలో పసుపు, ఉప్పు, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు వేసి, ఆ గుజ్జు పోసి నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. పావుగంటకి తక్కువైతే పచ్చి వాసన పోదు. అన్నానికి గ్లాసుకి రెండు గ్లాసుల లోపే నీళ్లు, కొత్త బియ్యమైతే ఇంకా తగ్గించాలి. వేడి అన్నం తాంబాళంలో పరిచి, కాస్త నూనె, పసుపు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. వేడిమీద డబ్బాలో పెడితే ఆవిరి మూతకి పట్టి చుక్కలుగా పడుతుంది. చెడిపోవడం ఆ తడిసిన చోటే మొదలవుతుంది. వేరుశనగ గుళ్లు విడిగా తీసుకెళ్లి వడ్డించే ముందు కలపాలి, లేకపోతే మెత్తబడి చప్పగా అయిపోతాయి.

రాగిచెంబు:
నిమ్మకాయ పులిహోర చాలదా? చింతపండు పిసకడం ఎవడి వల్ల అవుతుంది.

వంటింటి_వకీలు:
నిమ్మ ఇంట్లో తినడానికి. నిమ్మరసం పొయ్యి మీద ఉండగా పిండితే చేదెక్కుతుంది, పొయ్యి దించి అన్నం చల్లారాకే కలపాలి. మధ్యాహ్నానికల్లా పులుపూ వాసనా రెండూ పలచబడతాయి. చింతపండుది పూట గడిచేకొద్దీ పట్టుకునే పులుపు.

గేర్‌బాక్స్_గురువు:
అడిగింది ఏమిటి, మీరు చెప్తున్నది ఏమిటి. సీటు గురించి ఎవరూ మాట్లాడరేం? ఇరవై ఏళ్లుగా సీట్లు విప్పుతున్నవాడిని చెప్తున్నా, రాసుకోండి. సెంటు కొట్టారు, అది మొదటి తప్పు. రెండో తప్పు ఈపాటికి చేసే ఉంటారు, వేణ్నీళ్లతో తుడవడం. పాలలో మాంసకృత్తులు వేడి తగిలితే గడ్డకట్టి నేతలో ఇరుక్కుంటాయి. చన్నీళ్లు, మహా అయితే గోరువెచ్చనివి. రుద్దకూడదు, పాత తువ్వాలు అదిమి పీల్చాలి. రుద్దిన కొద్దీ కింద ఫోమ్‌లోకి దిగుతుంది.

వాసన గుడ్డలో లేదు, ఫోమ్‌లో ఉంది. కాబట్టి సీటు లేపాలి. చాలా చిన్న కార్లలో వెనక కుషన్ ముందంచు కింద రెండు క్లిప్పుల మీద నిలబడి ఉంటుంది. అంచు కింద చెయ్యి పెట్టి క్లిప్పు దగ్గరే పైకి గట్టిగా లాగితే టప్పున వస్తుంది, మధ్యలో లాగితే క్లిప్పు విరుగుతుంది. కొన్నింటికి బోల్టులుంటాయి. ముందు సీటయితే సాధారణంగా నాలుగు బోల్టులు, కానీ దాని కింద పసుపు రంగు సాకెట్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది. బ్యాటరీ నెగెటివ్ తీసి పది నిమిషాలు ఆగకుండా దాన్ని ముట్టుకోవద్దు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా పీకితే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగి కూర్చుంటుంది, దాన్ని ఆర్పడానికి స్కానర్ కావాలి.

సికింద్రాబాద్_చాయ్:
గింత పెద్ద కథ ఎందుకన్నా. తినే సోడా చల్లి, దాని మీద సిర్కా, అదే వెనిగర్, పోస్తే బుస్సుమని పొంగుతది, వాసనంతా పోతది.

గేర్‌బాక్స్_గురువు:
పొంగుతుంది తమ్ముడూ, చూడ్డానికి బాగుంటుంది. అది ఆమ్లం, ఇది క్షారం. కలిస్తే ఒకదాన్ని ఒకటి చంపుకుని మిగిలేది ఉప్పునీళ్లలాంటిది. విడివిడిగా వాడితే రెండూ పనికొస్తాయి. సోడా పొడిగా, 200 గ్రాములు, రాత్రంతా వదిలి పొద్దున వ్యాక్యూమ్ చెయ్యాలి. అదీ పైపొర వాసనకే.

అసలు మందు ఎంజైమ్ క్లీనర్. పెంపుడు కుక్కల సామాన్ల దుకాణంలో దొరుకుతుంది, కుక్క మూత్రం వాసనకి అమ్మేదే. పెరుగు ఎంత లోతుకి దిగిందో అంత లోతుకీ తడవాలి, పైన స్ప్రే కొడితే దండగ. పోసి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆరకుండా ఉంచాలి. ఆరితే పని ఆగిపోతుంది. అంతకుముందు బ్లీచింగ్ పోసి ఉన్నా, దాంతో మరిగే నీళ్లు కలిపినా ఎంజైమ్ చచ్చిపోతుంది, మళ్లీ మొదటికే. తర్వాత చన్నీళ్లతో కడిగి, తడి పీల్చే వ్యాక్యూమ్‌తో లాగి, కుషన్‌ని నిలబెట్టి ఎండలో పెట్టాలి. పడుకోబెడితే నీళ్లన్నీ అడుగుకి చేరి రెండు రోజులైనా ఆరవు, పెరుగు కంపు పోయి ముక్కిన వాసన వస్తుంది.

సికింద్రాబాద్_చాయ్:
సరే అన్నా, ఒప్పుకుంటున్న. కానీ కార్పెట్ మాట మరిచినవ్. కార్పెట్ కింద నార లెక్క ఒక పట్టీ ఉంటది, అది నీళ్లు తాగితే ఇడ్వదు. డోర్ కాడి ప్లాస్టిక్ పట్టీ పీకి, కార్పెట్ లేపి చెయ్యి పెట్టి చూడాలె. తడిగ ఉంటే ఇటుక ముక్క ఆనిచ్చి గాలి ఆడనియ్యాలె.

కాకినాడ_కోడలు:
మెతుకులు ఏరకుండా వదిలేస్తే ఎలకలు వస్తాయండీ. సీటు పట్టాల సందుల్లో ఎండిన మెతుకు కోసం వచ్చి, వచ్చిన పనితో పాటు వైర్లు కూడా కొరికి పోతాయి. ముందు ఆ పట్టాలు చూడండి.

అన్నట్టు వకీలు గారూ, ప్రయాణానికి దద్దోజనం వద్దనడం అన్యాయం. పెరుగుతో కలిపితే పులుస్తుంది గానీ, పాలతో కలిపితే పులవదు. గ్లాసు బియ్యానికి మూడున్నర గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా వండి, గరిటెతో మెదిపి, రెండు గ్లాసుల కాచిన పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక రెండు చెంచాల పెరుగు కలపాలి. నాలుగైదు గంటల్లో డబ్బాలోనే తోడుకుంటుంది. పొద్దున ఏడింటికి కలిపితే పన్నెండింటికి కమ్మగా ఉంటుంది. ఉప్పు తినేముందే.

వంటింటి_వకీలు:
మీరు చెప్పింది పెరుగన్నం. దద్దోజనం కాదు.

కాకినాడ_కోడలు:
రెండూ ఒకటే కదండీ!

వంటింటి_వకీలు:
కావు. దధి, ఓదనం కలిసి దధ్యోదనం, అదే వాడుకలో దద్దోజనం అయింది. ఇంగువ, మిరియాలు, అల్లం, ఆవాలు, కరివేపాకుతో పోపు పడాలి. నైవేద్యానికి పెట్టేది. పోపు లేకుండా చేత్తో పిసికితే అది పెరుగన్నం. అంతే.

రాగిచెంబు:
దధి ఓదనం అంటే తెలుగులో పెరుగు అన్నమే కదండీ. మీ వ్యుత్పత్తితోనే మీరు ఓడిపోయారు.

వంటింటి_వకీలు:
మాటకు అర్థం వేరు, వాడుక వేరు. ‘నీళ్లు’ అన్నా ‘తీర్థం’ అన్నా ఒకటే అని గుళ్లో అనండి చూద్దాం.

కాకినాడ_కోడలు:
మా వైపు పోపు పెట్టినా పెరుగన్నమే అంటామండీ. దానిమ్మ గింజలు, ద్రాక్షపళ్లు వేసినా పెరుగన్నమే. ఉల్లిపాయ ముక్కలు వేసినా అదే.

వంటింటి_వకీలు:
ఉల్లిపాయ! కార్తీకమాసంలో! ఉసిరిచెట్టు కింద!! ఇంక నేను మాట్లాడను.

రాగిచెంబు:
మాట్లాడనన్న మాట ఇది మూడోసారి.

వంటింటి_వకీలు:
మీరు ముందు మీ చెంబు తోముకోండి.

నిర్వాహకుడు:
చెంబులు, తోమడాలు పక్కన పెట్టండి. ప్రాంతం మీదకి వెళ్తే చర్చ మూసేస్తాను.

ఫిజిక్స్_పంతులు:
రెండో ప్రశ్నకి ఒక్కరూ సమాధానం చెప్పలేదు. ఎటు వెళ్లారో రాయలేదు గానీ, అరకు అనుకుందాం. అది సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అంత ఎత్తుకి వెళ్తే గాలి ఒత్తిడి సుమారు పదో వంతు తగ్గుతుంది. కింద గట్టిగా బిగించిన డబ్బాలో మాత్రం కింది గాలే ఉంటుంది. ఇరవై సెంటీమీటర్ల వెడల్పు మూత నిజంగా గాలి చొరనిదైతే, దాన్ని లోపల్నుంచి ముప్పై కిలోల బరువుతో తోస్తున్నట్టు లెక్క. చిప్స్ ప్యాకెట్ ఘాట్ ఎక్కాక బెలూన్‌లా ఉబ్బేది అందుకే. అన్నం గోరువెచ్చగా ఉండగా మూత పెడితే, ఎండకి కారు వేడెక్కితే, ఇంకాస్త తోపు. డబ్బాలో ఖాళీ ఎంత ఉంటే అంత గాలి, మూత లేచినప్పుడు విసురూ అంత. సిలికాన్ రింగు మూతలకి ఘాట్ మధ్యలో ఒకసారి ఆగి మూత కొంచెం ఎత్తి, గాలి వదిలి, మళ్లీ బిగించండి. పాత స్టీలు డబ్బా అయితే ఈ బాధే లేదు, గాలి దానంతటదే పోతుంది.

గేర్‌బాక్స్_గురువు:
ఘాట్ వంపుల్లో కుదుపుకి లేచి ఉంటుంది, దానికి ఇంత లెక్కెందుకు.

ఫిజిక్స్_పంతులు:
కుదుపుకి డబ్బా పడుతుంది. మూత ఎగరడానికి లోపల తోపు కావాలి. మీరు సీట్లు విప్పండి, లెక్కలు నాకు వదిలేయండి.

కాకినాడ_కోడలు:
స్టీలు డబ్బా మాట నిజం. మూత కింద అరిటాకు ముక్క పరిచి, మూత పెట్టి, పైనుంచి కిందకి పాత చున్నీతో ముడేయండి. సీటు మీద పెట్టకండి. ముందు సీటు వెనక, కాళ్ల దగ్గర, ప్లాస్టిక్ టబ్బులో పెట్టి చుట్టూ తువ్వాలు కుక్కండి. ఒలికినా టబ్బులోనే. సాంబారు, పులుసులాంటివి అసలు పట్టుకెళ్లొద్దు. పప్పు గట్టిగా చేసి, చారు పొడి తీసుకెళ్లి అక్కడ వేణ్నీళ్లలో కలుపుకుంటే సరిపోతుంది.

టెక్సాస్_తోటకూర:
హాట్‌బాక్సులో పెడితే ఏమవుతుంది? ఇక్కడ పార్కుకి అందరూ అందులోనే తెస్తారు.

కాకినాడ_కోడలు:
పెరుగన్నానికి మాత్రం వద్దు తల్లీ. తోడు బాగా పెరిగేది 42, 45 డిగ్రీల దగ్గర. గోరువెచ్చటి అన్నం హాట్‌బాక్సులో పెడితే అదే వేడి పట్టుకుని కూర్చుంటుంది. రెండు మూడు గంటల్లో పులిసిపోతుంది.

ఫిజిక్స్_పంతులు:
పులిస్తే తినలేం, అంతే. ఉత్తి అన్నం అలా పెడితే ఇంకా ప్రమాదం. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చటి అన్నంలో గంటలకొద్దీ పెరిగి విషం వదులుతాయి. ఆ వాంతుల విషం మళ్లీ వేడి చేసినా పోదు. 60 డిగ్రీల పైన పొగలు కక్కేలా ఉంచండి, లేదా ఐసు పెట్టెలో చల్లగా ఉంచండి. మధ్యస్థంగా వద్దు. పులిహోర నిలిచేది చింతపండు పులుపుకి, దానికి తగ్గ ఉప్పుకి. పులుపు తగ్గించి రంగుకి చేసిన పులిహోరకి ఆ రక్షణ లేదు.

వంటింటి_వకీలు:
విన్నారా? పులిహోర అని మొదటే చెప్పాను.

రాగిచెంబు:
మాట్లాడనన్నారు.

సికింద్రాబాద్_చాయ్:
ఘాట్ల మీద పోరగాళ్లకు వాంతులయితయి, అది కూడ సీట్లనే. దానికేం జేయాలె?

గేర్‌బాక్స్_గురువు:
శుభ్రం చేసే పద్ధతి అదే, ఎంజైమే. రాకుండా ఉండాలంటే దూరంగా ఉన్న కొండని చూడమనండి, ఫోను లాక్కోండి. బయల్దేరే ముందు ఇడ్లీ ఒకటో రెండో, పాలు, నూనె వస్తువులు వద్దు. ముందు సీటు వయసున్న పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి. మాత్రల సంగతి డాక్టర్ని అడగండి. ప్రొమెథజైన్ ఉన్నవి రెండేళ్ల లోపు పిల్లలకి ఇవ్వకూడదు, వేసుకుంటే నిద్ర వస్తుంది కాబట్టి బండి నడిపేవాడు అసలు ముట్టుకోకూడదు.

ఉసిరిచెట్టు_నీడ:
అందరికీ దండాలు. క్లిప్పులు దొరికాయి, కుషన్ లేచింది. అడుగున ఫోమ్ పచ్చిగానే ఉంది, ఎంజైమ్ పోసి కవరు కప్పాం. ఇప్పుడు సీటు బెల్టు కొక్కెం లోపల మెతుకులు కనిపిస్తున్నాయి, బెల్టు సగం లోపలికి పోయి జిగటగా ఆగుతోంది. నీళ్లు పోయొచ్చా?

గేర్‌బాక్స్_గురువు:
కొక్కెంలో నీళ్లు పోయకండి, కొన్ని కార్లలో లోపల స్విచ్ వైరు ఉంటుంది. మెతుకు ఎండనిచ్చి పాత టూత్‌బ్రష్‌తో గోకి, వ్యాక్యూమ్‌తో లాగండి. బెల్టు మాత్రం చివరిదాకా బయటికి లాగి, వెనక్కి పోకుండా పైన పట్టీ దగ్గర బట్టల క్లిప్పు పెట్టండి. లీటరు గోరువెచ్చటి నీళ్లలో చెంచా షాంపూ వేసి తడిగుడ్డతో తుడవండి. పూర్తిగా ఆరేదాకా క్లిప్పు తీయొద్దు, తడి బెల్టు చుట్టలోకి పోతే బూజు పడుతుంది. గ్లవ్ బాక్సు వెనక ఏసీ ఫిల్టరు కూడా మార్చండి. సీటు బాగైనా వాసన అందులో మిగిలిపోతుంది.

ఉసిరిచెట్టు_నీడ:
సరే. వచ్చే ఆదివారం పులిహోరే.

కాకినాడ_కోడలు:
స్టీలు డబ్బాలో కాస్త దద్దోజనం కూడా పెట్టుకోండి. వకీలు గారూ, మిరియాలు గింజలుగా వేయాలా, దంచి వేయాలా?

వంటింటి_వకీలు:
దంచి. కచ్చాపచ్చాగా. నెయ్యి పోపులో. ఉల్లిపాయ వద్దు.

రాగిచెంబు:
మళ్లీ మొదలెట్టారు.